పొగగాజు మీద పిలుపు

ఉక్కు కార్ఖానా పేట సాక్చిలోని ఆ సినిమా హాల్లో అసిరయ్య స్లైడు పడ్డాక లేచి రాని మనిషి లేడు. ఆట మధ్యలో ఎవరినైనా బయటికి పిలిపించాలంటే జనం అతని దగ్గరికే రావాలి. ఒకసారి కాలికి సిమెంటు కట్టుతో కూర్చున్నవాడు కూడా స్లైడు చూసి, కట్టు కుర్చీలోనే వదిలేసి పరుగెత్తుకొచ్చాడు.

పనిముట్లంటే అరచేతిలో ఇమిడే గాజుపలకా, ఒక సూదీ. మేనేజరు కొత్త గాజు ఇవ్వడు. పాతదే తుడిచి, కిరసనాయిలు దీపం పొగ పట్టించి, అక్షరాలు గీకాలి. గీకినచోటే వెలుగు దూరి తెర మీద పడుతుంది. అదీ రీలు మార్చే కాస్త సందులోనే వెయ్యాలి.

ఆ ఆదివారం పొద్దుటాట తెలుగు బొమ్మ నడుస్తుండగా పౌల్‌రాజు రొప్పుతూ వచ్చాడు. జుగ్సలాయి గోదాంలో కొత్తగా చేరిన కూలీ. అసిరయ్యకి ముఖపరిచయం కూడా లేదు.

"బాబాయ్, జల్దీ! స్లైడెయ్యాల. సీతారాండేరా బస్తీ సూర్యం పెళ్లాం లోపలుందట. చిలకమ్మ."

"ఏటైంది?" గాజుని దీపం మీద తిప్పుతూ అడిగాడు అసిరయ్య.

"రేకుల కట్ట జారి సూర్యం మీద పడిపోనాది. ఆసుపత్రికి మోసుకెళ్లేసరికే పానం నేదు."

గాజు తిరగడం ఆగింది. పొగ ఒకచోట మందంగా పట్టేసింది.

"నువ్వు సూసినావా?"

"నా సేతుల్లోనే పోనాడు బాబాయ్. రాయి: సూర్యానికి దెబ్బ తగిలింది, యెంటనే ఆసుపత్రికి..."

"పేపరనుకున్నావేటి బాబూ, అంత రాయడానికి? ఎనక బెంచీకి కనబడాలంటే రెండు మూడు మాటలే పడతాయి. ఆసుపత్రి అని పడిందంటే ఆ సీకట్లో, అంత జనంలో, ఆ పిల్ల అక్కడే కూలిపోద్ది. గుమ్మం దాటేదాకా దానికి తెలీకూడదు."

ముందు 'సూర్యం భార్య' అని గీకాడు. ఆ రెండు మాటలనీ కాసేపు చూశాడు. బొటనవేలితో తుడిచేసి, గాజు మళ్లీ దీపం మీద పెట్టాడు.

"అదేటి, సెరిపేసినావు?"

"సోటు సాల్దు."

ఈసారి గీకింది చూసి పౌల్‌రాజు నోరు తెరిచాడు. 'చిలకా, బయటికి రా.'

"పరాయి ఆడమనిషిని పట్టుకుని చిలకా అంటావేటి? గారు ఏదీ? తంతారు నిన్ను!"

"తన్ననీ."

"ఇదంతా ఎందుకు, లోనికెళ్లి నువ్వే పిలిసీరాదా?"

"కాళ్లు లెగట్నేదు బాబూ."

లోపల హాలు హాలంతా విరగబడి నవ్వుతోంది. అసిరయ్య ఆ నవ్వు ఆగేదాకా చెవొగ్గి విన్నాడు. రీలు అయిపోయింది. గాజుని కిటికీలోంచి ఆపరేటరు చేతికి అందించాడు.

కట్టు వదిలేసి పరుగెత్తినవాడి సంగతి నేను కల్పించిందే లెండి. అసలు అసిరయ్య పిలిస్తే సగంమంది, బొమ్మ అయ్యాక చూద్దాంలే అని కదిలేవారే కాదు. ఈ పూట ఈ పిల్ల కూడా అలాగే కూర్చుండిపోతే బాగుండునని అతను అనుకున్నాడు. ఇది మాత్రం కల్పన కాదు.

తలుపు తెరుచుకుంది. నవ్వి నవ్వి తడిసిన కళ్లని పైటచెంగుతో ఒత్తుకుంటూ చిలకమ్మ బయటికొచ్చింది.

"ఏటి నాన్నా, పిలిసినావు?"