ముందు ముఖం, తర్వాత ముఖం

జత కుదరాలే గానీ ముఖానికి రాసే పొడి దానంతటదే అమ్ముడవుతుంది. వాడిపోయిన ముఖం ఒకటి, నిగనిగలాడే ముఖం ఒకటి పక్కపక్కన కూర్చోబెట్టాలి. సేల్స్ అమ్మాయికి ఆ కిటుకు నేర్పింది సూపర్‌వైజరే. ఇవాళ ఆయన స్తంభం పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బేరం సాగితే ఆమె ఉద్యోగం ఖాయం. లేదంటే రేపట్నించి రానక్కర్లేదు.

అందుకే తల్లీకూతుళ్లు స్టాలు ముందు ఆగేసరికి ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

"రండి, కూర్చోండి. కొనకపోయినా పర్లేదు."

"నువ్వూ కూర్చో," అంటూ కూతురు ఇంకో కుర్చీ లాగింది.

కూతురి బుగ్గలు అద్దాల్లా ఉన్నాయి. తల్లి ముఖం పిండేసి ఆరెయ్యడం మరిచిన గుడ్డలా ఉంది. ఈ ముఖం పెట్టుకుని బజారుకెలా వస్తారో అనుకుంది సేల్స్ అమ్మాయి, పైకి మాత్రం నవ్వు పులుముకుని.

"మామిడి, మాంగోస్టీన్, డ్రాగన్ ఫ్రూట్. గుజ్జు తిని తొక్క పారేస్తాం. యాంటీ ఆక్సిడెంట్లు దండిగా ఉండేది ఆ తొక్కలోనే. ఆ తొక్కలు ఎండబెట్టి కొట్టిందే ఈ పొడి."

"తొక్కలో కబుర్లు," అన్నారెవరో వెనకనుంచి. మూగిన జనం నవ్వారు. సూపర్‌వైజర్ నవ్వలేదు.

సేల్స్ అమ్మాయికి ఒళ్లు మండింది. ఆ కసి పెద్దావిడ మీదికి మళ్లింది. గడ్డం పట్టుకుని ఆమె ముఖాన్ని లైటు వైపు తిప్పింది.

"చూడండి, మచ్చలు, ముడతలు. ఒంటిని గాలికొదిలేస్తే గతి ఇదే. ఇది ముందు ముఖం. అమ్మాయిది తర్వాత ముఖం. ఏమనుకోకండి పెద్దమ్మా, మీకిప్పుడు ఎంత రాసినా గోడకి సున్నం కొట్టినట్టే."

పెద్దావిడ తల దించుకుంది. పక్కనున్నామె మాత్రం శ్రద్ధగా అడిగింది.

"రోజూ రాయాలా?"

"రెండు పూటలా."

"మంట పుడితే?"

"పని చేస్తోందన్నమాట. ఆపకూడదు."

"వేరే క్రీములు?"

"దగ్గరికి రానివ్వకండి. మా పొడి ఒక్కటే."

జనం దగ్గరికి జరిగారు. ఒకావిడ పర్సు తెరిచింది. సూపర్‌వైజర్ తల పంకించాడు. ఉద్యోగం వచ్చేసినట్టే అనుకుంది సేల్స్ అమ్మాయి.

నున్నటి బుగ్గలామె లేచి, పెద్దావిడ భుజం మీద చెయ్యేసి, సూపర్‌వైజర్ వైపు తిరిగింది.

"విన్నారుగా సార్, పోయినేడు మీ దగ్గర కొన్నప్పట్నించీ మా చెల్లెలు అచ్చం ఇలాగే రాసుకుంది."