ముసుగు రౌడీ

“కాలు కాలిన పిల్లిలా ఏవిట్రా ఆ తిరుగుడు? కూర్చో!” అంది తల్లి, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండానే.

చిన్నకొడుకు కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు. థియేటర్ మొహం చూడకుండా నేరుగా డిస్కుల్లోకెక్కే ఫైటింగ్ సినిమాల కంపెనీలో అతను ఎడిటరు. అన్న అందులోనే ముసుగు రౌడీ. ఈసారి సినిమా మరీ సాగిందని యజమాని ఆఖర్న తానే కత్తెర పట్టాడు. ఆ మహానుభావుడు ఏం తీసేశాడో, ఏం ఉంచాడో!

తల్లి పొద్దున్నే తేల్చి చెప్పేసింది. “ఇందులో పెద్దాడు కనపడకపోతే రేపే బండెక్కుతా. ఆ షూటింగెక్కడో చూపించు.”

“డాక్టరు ప్రయాణాలు వద్దన్నాడు కదమ్మా!”

“డాక్టరుకేం, ఎన్నైనా చెబుతాడు. కోపంలో పొమ్మన్నది నేను. మొహం చూపించొద్దన్నదీ నేనే. ఆ ఒక్క మాట పట్టుకుని ముసుగేసుకు కూర్చున్నాడు, మొండిఘటం!”

తెర మీద హీరో ఎర్రచొక్కాతో తలుపు తన్ని, నీలంచొక్కాతో లోపలికొచ్చాడు. విలన్ గుహలో సీలింగ్ ఫ్యాను తిరుగుతోంది. దెబ్బ తగిలినవాడు కిందపడి సర్దుకున్నాక గానీ ‘ఢిష్యుం’ వినపడలేదు. పోయిన సినిమాలో పేలిన జీపే మళ్ళీ పేలింది.

“ఈ జీపు ఎన్ని జన్మలెత్తిందిరా!” తల్లి పడీపడీ నవ్వింది. “పెద్ద సినిమాల్లో ఉందా ఈ సరదా? చెప్పు!”

కొడుక్కి నవ్వెక్కడ వస్తుంది? గోళ్ళు కొరుక్కుంటూ తెరనే చూస్తున్నాడు. విలన్ చచ్చేదాకా వచ్చింది వ్యవహారం. అన్న జాడ లేదు.

“లేడట్రా?” అంది తల్లి. చెయ్యి ఛాతీ మీదికి పోయింది. అతను గబుక్కున లేచి మాత్రల డబ్బా అందుకున్నాడు.

అంతలో మేడ అంచున గళ్ళచొక్కా ముసుగు మనిషి కనిపించాడు. ప్యాంటు పైకి లాక్కుని, ఎగిరి దూకాడు. కింద రేకులు ఫెళఫెళ విరిగాయి.

“వాడే! ప్యాంటు లాక్కోడం చూశావా? చిన్నప్పుడు బడి గోడ దూకినప్పుడూ ఇంతే!” తల్లి చెంగుతో కళ్ళు తుడుచుకుంది. చిన్నాడికి ప్రాణం లేచొచ్చింది. కుర్చీలో కూలబడ్డాడు.

“అయినా అదేం కంపెనీరా, ఎప్పుడూ ఆ గళ్ళచొక్కాయేనా? ఇంకోటి కొనిపెట్టలేరూ?”

“తక్కువ బడ్జెట్టమ్మా.”

“దెబ్బలూ అవీ తగలవు కదా?”

“తగలవమ్మా. కింద పరుపులు వేస్తారు.”

“పోన్లే, చల్లగా ఉండనీ. ఎంత దూరాన ఉన్నా కంటికి కనపడుతున్నాడు, అదే పదివేలు. ఇప్పుడప్పుడే బండెక్కనులే. వచ్చే సినిమాలోనూ దూకుతాడు కదా?”

“దూకుతాడమ్మా,” అన్నాడు చిన్నకొడుకు, తల తిప్పుకుని డిస్కు బయటికి తీస్తూ.

అన్న ఆ మేడ మీంచి దూకింది ఒక్కసారే, ఎన్నో సినిమాల కిందట; మళ్ళీ లేవలేదు.