బయట కూర్చున్న మెంబరు

“ఈసారి కూడా మా లహరికి రాదేమో. పొద్దున్నుంచి కుడికన్ను ఒకటే అదురుతాండాది.”

ఆటో ఎక్కుతూ యశోదమ్మ అన్న మాట ఇదే. కూతురు లహరి విననట్టే కూర్చుంది.

అనంతపురం శివార్లలోని పెద్ద మ్యూజియంలో లహరిది కాంట్రాక్టు ఉద్యోగం. వచ్చినవాళ్ళను వెంటబెట్టుకుని, ఒక్కో శిల్పం గురించి చెప్తూ తిప్పాలి. ఆరేళ్ళకు ఇప్పుడొక పర్మనెంటు పోస్టు వచ్చింది. దానికి ఇద్దరు పోటీ. లహరి, రెండేళ్ళ కిందట చేరిన కృపాకుమారి.

పోస్టు రానివాళ్ళకు నెలాఖరుతో పని ఆఖరు.

తేల్చాల్సింది పాలకమండలి. తొమ్మిదిమంది మెంబర్లు మూడు నెలలకోసారి కూర్చుంటారు. మూడు మీటింగులుగా ఈ పోస్టు సంగతి తేలకుండానే ఉంది. గోడౌను తాళం మార్చాలన్నా, ఒక శాసనం రాయిని పక్కకు జరపాలన్నా వాళ్ళు ఒప్పుకోవాల్సిందే.

అందులో ఊళ్ళ తరఫు మెంబరు వెంకటప్ప. గుమ్మఘట్ట దగ్గర రైతు. చేలో బయటపడిన వీరగల్లును, పూర్వం యుద్ధంలో చచ్చిన వీరుడి బొమ్మ చెక్కిన రాతిని, మ్యూజియానికి ఇచ్చినాయన.

యశోదమ్మకు కడుపుమంట ఆయన మీదే.

మీటింగు లేని రోజుల్లోనూ ఆయన వస్తుంటాడు. లహరికి క్యారియర్ తెచ్చినప్పుడల్లా చూసేది. వరండాలో ఆయన, పక్కన కృపాకుమారి. ఆ పిల్ల ఏదో పుస్తకం చదువుతుంది, ఈయన తలూపుతూ నవ్వుతాడు. అదే లహరి ఎదురుపడితే మొహం తిప్పుకుంటాడు.

‘నిన్నగాక మొన్న వచ్చింది, ముసలాయన్ని ఎట్ల పట్టుకుందో! మా పిచ్చిదానికి ఆ తెలివి యాడిది?’

పది రోజుల కిందట ఆమె ఒక ఆకాశరామన్న అర్జీ రాసింది. ‘మెంబరు వెంకటప్ప కృపాకుమారికి పోస్టు ఇప్పించాలని చూస్తున్నాడు.’ కవరు మీద పోస్టు ముద్ర చూసి పోల్చుకుంటారేమోనని, చెల్లెలి ఊరు విడపనకల్లు దాకా పోయి డబ్బాలో వేసింది. లహరికి కూడా చెప్పలేదు.

ఇవాళ్ళే మీటింగు.

ఆటో దిగగానే లహరి లోపలికి వెళ్ళిపోయింది. వరండాలో బెంచీ మీద వెంకటప్ప ఒక్కడే కనిపించాడు. యశోదమ్మ కడుపు చల్లబడింది.

“ఏం పెద్దాయనా, లోపల మీటింగు జరుగుతాంటే ఈడ కూర్చున్నారే?”

“ఎవురో నా మింద అర్జీ పెట్టినారు తల్లీ. పేరు లేని అర్జీ అయినా సరే, అది తేలేదాకా ఆ మెంబరు బయట ఉండాల.”

“అయ్యో! రాసినోళ్ళ మింద కోపం రాలేదా?”

“ఎందుకమ్మా? ఆ పద్ధతి పెట్టమని అడిగిందే నేను.”

ఆయన నవ్వాడు. ఆ నవ్వుకు ఆమెకు ఇంకా మండింది.

“కృపాకుమారితో ఏమో చదివించుకుంటాంటారే?”

“చూసేదానికి వచ్చినోళ్ళు రాసిపోయే పుస్తకం. నాకు చూపు ఆనదు, ఆ పాప చదివి చెప్తాది. ఈడ ఏం బాగుండాదో, ఏం బాగలేదో మెంబరుకు తెలియల్ల గదా?”

‘ఎన్ని అబద్ధాలు!’ అనుకుంది యశోదమ్మ. ఇక ఆగలేకపోయింది.

“నేను లహరి అమ్మను. ఆరేండ్లుగా గొంతు పోయేటట్టు చెప్తాండాది నా బిడ్డ. ఒక్కరోజన్నా పలకరించినారా? ఆ పిల్లను చూస్తే నవ్వేది, మా పిల్లను చూస్తే మొగం తిప్పేది! మా పాప మీకేం అన్యాయం చేసింది?”

వెంకటప్ప తలెత్తి ఆమెను చూశాడు.

తలుపు తెరుచుకుంది. అటెండరు ఓబులేష్ వచ్చాడు.

“పోస్టు కృపాకుమారికమ్మా. ఎనిమిదిమందే ఉన్నారు, నాలుగు నాలుగు అయినాయి. సమానమైతే చైర్మన్ మాటే మాట. లహరికి ఇంకొక్క చెయ్యి లేచింటే సాలు.”

యశోదమ్మ బెంచీ చివర కూలబడింది.

“చూసినారా? బయట కూర్చోని కూడా అనుకున్నది చేసుకున్నారు! ఇప్పుడు చెప్పండి, మా పాప మీకేం చేసింది?”

ఆయన తలుపు వైపు చూశాడు.

లోపల కుర్చీలు జరిగిన చప్పుడు. మెంబర్లు ఒక్కొక్కరే బయటికొచ్చి కార్లెక్కారు. దుమ్ము లేచి, మళ్ళీ నేల మీద పడింది.

వెంకటప్ప ఆమె వైపు తిరిగాడు.

“ఆ పోస్టు లహరికే ఇయ్యాలని మూడు మీటింగులుగా లోపల కొట్లాడతాండేది నేనే తల్లీ, రేపు ఆ పాపకు నా వల్లే వచ్చిందని ఎవురూ ఒక్క మాట అనకూడదని పలకరించకుండా ఉన్నా.”