కుట్టినవారి పేరు

గాజు పెట్టెలో, సన్నని దీపాల వెలుగులో, ఒక అతుకుల గుడ్డ వేలాడుతోంది.

"అరే, అచ్చం మన గింబాప్ మూటలాగే ఉంది!" అన్నాను గట్టిగా.

మ్యూజియం మొత్తం నావైపు తిరిగింది. మా ఆయన టేగ్యొమ్ తన పసుపు బూట్ల వైపు చూసుకున్నాడు. నావీ అవే బూట్లు. పెళ్ళయి నాలుగు రోజులు. సియోల్‌లో ఏది చూసినా నాకు నవ్వొస్తోంది.

పొద్దున మాత్రం రాలేదు. బూసాన్ నుంచి వదిన, టేగ్యొమ్ అక్క, ఫోన్ చేసింది.

"అమ్మాయ్, ఆదివారం సారె తెస్తావుగా. మీ అమ్మమ్మ అతుకుల గుడ్డలో కట్టి తెచ్చి మా పరువు తీయకు. బంధువులంతా ఉంటారు. గులాబీ పట్టుది నీ పెట్టెలో పెట్టానుగా, అందులో కట్టు."

"ఒక్క రోజుకేగా, ఊరుకో," అన్నాడు టేగ్యొమ్.

పట్టుగుడ్డను పెట్టెలోనే వదిలేశాను. అతుకుల గుడ్డలో గింబాప్ అన్నం చుట్టలు కట్టుకుని బయల్దేరాను.

చూపు పోకముందు అమ్మమ్మ కుట్టిన ఆఖరి గుడ్డ అది. నా పెళ్ళికని కుట్టింది.

గాజు పక్కన చీటీ: 'మూట కట్టే గుడ్డ. నూట యాభై ఏళ్ళనాటిది. కుట్టినవారు: తెలియదు.'

కాపలా ఉన్న పెద్దావిడ వచ్చింది. "తిండి లోపలికి తేకూడదమ్మా."

"తిండి కాదండీ, గుడ్డ చూడండి." మూట పైకెత్తాను. నువ్వుల నూనె వాసన గుప్పుమంది.

ఆవిడ నవ్వాపుకుని, అంచు వేళ్ళతో తడిమింది.

"ఎవరు కుట్టారు?"

"మా అమ్మమ్మ. కాంగ్ మల్‌సున్."

"దాన్ని కుట్టినావిడకీ ఒక పేరుండే ఉంటుంది," అంది గాజు వైపు గడ్డం ఎత్తి. "పోండి, బయట బెంచీ మీద తినండి."

బెంచీ మీద ఆఖరి ముక్క నా నోట్లో పెట్టి, టేగ్యొమ్ ఖాళీ గుడ్డను చాలాసేపు ఒళ్ళో ఉంచుకున్నాడు.

"ఎర్ర దారం ఎక్కడ దొరుకుతుందో?" అన్నాడు.

తిరుగు రైల్లో సూదిలో దారం ఎక్కించింది అతనే. కుట్టింది నేను. గుడ్డ అంచున అమ్మమ్మ పేరు, మా లిపిలో మూడే అక్షరాలు. అయినా దేజొన్ స్టేషన్ దాటేలోపు రెండుసార్లు వేలు పొడుచుకున్నాను. నవ్వుతూ కుడితే అంతే మరి.

శనివారం పుట్టింట్లో గుడ్డ ఉతికి ఆరేశాం. అమ్మ వండిన పక్కటెముకల కూర, చేప అట్లు డబ్బాల్లో పెట్టి అందులో కట్టాం.

ఆదివారం అత్తవారి గుమ్మంలో వదిన. ఆమె వెనక బంధువులు.

"గులాబీ పట్టుది ఏదమ్మాయ్?"

"మీ తమ్ముడి మాసిన మేజోళ్ళు అందులో కట్టాను వదినా. ఎన్ని పట్టాయో!"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

టేగ్యొమ్ ఈసారి బూట్ల వైపు చూసుకోలేదు.

పెద్దవాళ్ళకు ఇవ్వాల్సిన పద్ధతిలోనే, తల వంచి, రెండు చేతులా మూట అందించాను.

ఎర్ర అక్షరాలు ఆమె వైపు తిరిగి ఉన్నాయి.