ఆఖరి బోగీ

"నాన్నా, ఈ ఏడాదికి బొమ్మ రైళ్ల పోటీ వద్దులే. వచ్చే ఏడు చూద్దాం" అంది కూతురు.

తండ్రి వినిపించుకోలేదు. గుడ్డలో చుట్టిన బోగీని అట్టపెట్టెలో పసిపిల్లని పడుకోబెట్టినట్టు పడుకోబెట్టి మూత వేశాడు.

"మీ అమ్మ ఉంటే ఊరుకునేదా? పద."

ఆయన ఒకప్పుడు దుకాణాలకి బోర్డులు రాసేవాడు. పని మానేశాక బొమ్మ రైలు పిచ్చి పట్టుకుంది. పెళ్లయిన కొత్తలో భార్యతో కాపురానికి వెళ్లిన రైలునే, ఒక్కో బోగీ చొప్పున, జానెడు సైజులో చేసుకుంటూ వచ్చాడు. కిటికీ ఊచలు, తలుపు పిడులు, పక్కన నంబరు, ఏదీ తేడా రాకూడదు. ఆవగింజంత అక్షరాలని ఊపిరి బిగబట్టి రాసేవాడు.

రంగు మాత్రం ఆమెది. బోర్డులు రాసిన రోజుల నుంచీ అంతే. ఆయన డబ్బా మీద చెయ్యి వేస్తే లాగేసుకునేది.

"జరగండి. అక్షరాలు మీవి, రంగులు నావి. నా వాటాలోకి రాకండి."

"ఏం, నాకు రాదా రంగు కలపడం?" అని ఉడుక్కునేవాడు.

"వస్తుంది మహానుభావా. నాకూ ఏదో ఒక పని ఉండనివ్వండి" అని నవ్వేది.

ఒక్క బోగీ మిగిలి ఉండగా ఆమె పోయింది.

చాలా నెలలు ఆయన ఆ గది తలుపు తియ్యలేదు. తీశాక, పని అయ్యేదాకా కూతుర్ని కూడా లోపలికి రానివ్వలేదు.

"దాని వాటా కూడా నేనే చేశానమ్మా" అన్నాడు బయటికొచ్చి.

ప్రదర్శన హాల్లో తమ బల్ల మీద పాత బోగీలన్నీ పట్టాలెక్కించి, చివర్న కొత్తదాని గుడ్డ విప్పాడు.

"నాన్నా..." అని ఆగిపోయింది కూతురు.

"అమ్మ గుర్తొచ్చిందా?"

ఆమె తలూపింది. చుట్టూ మూగినవాళ్ల మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఏటా ఆ బల్ల పక్కన కుర్చీలో కూర్చునే మనిషి లేదు మరి, ఎవరికైనా బాధే కదా అనుకున్నాడాయన.

ఇంతలో న్యాయనిర్ణేత వచ్చాడు. అందరూ ఆయన్ని భూతద్దం అంటారు. మొహమాటం ఎరగడు. సొంత అల్లుడు చేసిన ఇంజనుకే నలుగురిలో వంక పెట్టి, ఏడాదిపాటు కూతురితో మాటలు పోగొట్టుకున్న మనిషి.

భూతద్దం వంగి చాలాసేపు చూశాడు. నిటారుగా లేచి, అద్దం తుడుచుకుని, మళ్లీ వంగాడు. తల ఎత్తేసరికి, తండ్రి వెనకాల నిలబడిన కూతురు చప్పుడు చెయ్యకుండా రెండు చేతులూ జోడించింది.

"అక్షరాలకి వంక పెట్టడానికి లేదు" అన్నాడు భూతద్దం మెల్లిగా.

"అక్షరాల సంగతి నాకు తెలుసు సార్. రంగు చెప్పండి. మా ఆవిడ లేకుండా కలపడం ఇదే మొదలు. కుదిరిందా?"

భూతద్దం కూతురి జోడించిన చేతుల వైపు ఒకసారి చూశాడు.

"అచ్చం ఆవిడ కలిపినట్టే ఉందండీ."

తండ్రి కుర్చీలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. "చూశావా అమ్మా! నాకూ వచ్చు. వింటేగా మీ అమ్మ! ఊరికే ఇన్నేళ్లు తను కష్టపడింది" అన్నాడు, ఏడుపులోనే నవ్వుతూ.

కూతురు ఆయన తలని పొట్టకి హత్తుకుంది. భూతద్దం తన చేతుల్తోనే ఆ బోగీని తీసి రైలుకి తగిలించి, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్లిపోయాడు.

ముదురు ఎరుపు బోగీల వరస చివర, ఎరుపూ పచ్చా ఒకేలా కనిపిస్తాయని భార్య ఏనాడూ తెలియనివ్వని ఆయన కళ్ల ముందు, ఆఖరి బోగీ చిక్కటి ఆకుపచ్చగా మెరుస్తోంది.