రెండో సీసా
రాంగోపాల్‌పేట్‌లో రాత్రి పెట్రోల్ బంకు మూసేశాక, పక్కింటి బోరులోకి ఎలీసబెతు తాడు కట్టిన సీసా దించింది. బంకు కింది ట్యాంకు కారి నీళ్లు పాడవుతున్నాయని ఆమె ఎంత చెప్పినా, తను పనిచేసే కాలుష్య నియంత్రణ ఆఫీసులో ఎవరూ నమ్మలేదు.

పైకి లాగిన సీసాలో నీళ్ల మీద పెట్రోలు తేలుతోంది.

"నేను చెప్పలే మేడం, వాసనొస్తున్నదని," అంది టార్చి పట్టుకున్న ఇంటావిడ శ్యామలమ్మ.

తన మాటే నిజమైందని ఎలీసబెతు గర్వంగా నవ్వింది. మూత పెట్టబోయి ఆగిపోయింది. సీసాకు అప్పటికే మూత బిగించి ఉంది. తన మూత ఇంకా చేతిలోనే ఉంది.

"జానెడు బోరుల ఎవరుంటరు మేడం?" అంటూ శ్యామలమ్మ ఓ అడుగు వెనక్కి వేసింది.

ఎలీసబెతు చీటీ మీద తన పేరు రాసి సీసాకు అంటించింది. రుజువుకు రెండో సీసా కావాలి. ఇంకో సీసా తాడుకు కట్టి, బోరులోకి చూడకుండా గర్వంగా తలెత్తుకునే దించసాగింది.

సగం దూరంలో, కింద ఎవరో అందుకున్నట్టు, తాడు బరువు మెల్లగా తగ్గింది.