ముట్టుకోకూడని పెట్టె

సాలూరులో బస్సు టీకి ఆగినప్పుడే అసిరయ్య పని కానిచ్చేశాడు. ముందు సీటు కిందున్న థర్మకోల్ పెట్టెను తన సీటు కిందికి లాగి, పైన గోనెసంచి కప్పి, దాని మీద కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. విశాఖ నుంచి ఒడిశా కొండల్లోని సెమిలిగుడ వెళ్లే బస్సులో టేపు చుట్టిన ఐసుపెట్టె అంటే అందులో రొయ్యలు కాక ఇంకేముంటాయి? అతనికప్పుడే నోరూరిపోయింది.

ఘాటీ ఎక్కుతుండగా ముందు సీట్లోని భీమారావు వంగి చూసి గతుక్కుమన్నాడు. అల్యూమినియం ఫ్యాక్టరీలో ఫిట్టరు. పక్కన తలకు స్కార్ఫు కట్టుకున్న భార్య బంగారమ్మ.

"పెట్టి నేదే!" అన్నాడు.

ఆవిడకు కళ్లనీళ్లు తిరిగాయి. ఆ పెట్టె లేకుండా ఇల్లు చేరడం ఆవిడ వల్ల కాదు. లేచి నిలబడి గొంతెత్తింది.

"ఎవులు తీసేరో గాని బాబూ, అది కేన్సరు ఇంజిక్సను! నర్సమ్మ గ్లౌజుల మీద గ్లౌజులేసుకుని గాని ముట్టదు. ఒంటి మీద పడితే మండిపోద్ది. కడుపుతో ఉన్నోలు దగ్గరికే రాకూడదు!"

ఒకమ్మాయి గబగబా డ్రైవరు వైపు వెళ్లిపోయింది.

"నోరు పూసేస్తాది, ఒంటేలు ఎర్రగా ఒస్తాది, జుట్టు ఊడిపోద్ది. నన్ను సూడండి!" అంటూ స్కార్ఫు లాగేసింది. నున్నటి గుండు చూసి బస్సులో జనమంతా కాళ్లు సీట్ల మీదికి లాక్కున్నారు.

పెట్టెలోంచి కారిన చల్లటి నీళ్లు అసిరయ్య పాదాన్ని ఎప్పుడో తడిపేశాయి. ఇప్పుడా పాదం మండసాగింది. తల గోక్కుంటే వేళ్లకు ఓ వెంట్రుక వచ్చింది. పొట్టంగిలో ఒంటేలుకు దిగాడు గాని, కిందికి చూసే ధైర్యం లేక కళ్లు గట్టిగా మూసుకున్నాడు. పాపం, రెండో పాదమూ తడిసింది.

వస్తూనే పెట్టెను గోనెసంచితో పట్టుకుని తెచ్చాడు. "అమ్మా, మలుపుల్లో జారి నా సీటు కిందకొచ్చీసింది. కాలు తడిసిపోనాది. ఏటి సెయ్యాలి?"

"సబ్బెట్టి బాగా కడుక్కో నాయినా. నీలు ఎక్కువ పొయ్యి."

సబ్బు కోసం దిగిన అసిరయ్య మళ్లీ బస్సెక్కలేదు.

ఇంటికి చేరాక భీమారావు పెట్టె టేపు కోస్తూ నవ్వాడు. "అంతమందిలో గుండు సూపించీసేవు. సిగ్గనిపించనేదేటే?"

"సిగ్గేటి మావా? ఇన్ని నెల్లూ ఏటి తిన్నా ఇనప రుసే. మొన్నే నాలిక బాగయ్యి, మొదటిసారి తినాలనిపించి అడిగిన రొయ్యలు దొంగోడికి ఒగ్గీమంటావేటి?"